పిన్‌హోల్ కింద ఆ 0.85: కన్‌ఫోకల్ ముందు ఆరేళ్లు

మా ల్యాబ్ కన్‌ఫోకల్‌కి (శాంపిల్‌ని లేజర్‌తో పొరపొరగా చూపించే మైక్రోస్కోప్) ఎన్ని లేజర్లున్నాయో, ఎన్ని డిటెక్టర్లున్నాయో బ్రోషర్‌లోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నా గొడవంతా సాఫ్ట్‌వేర్‌లో పిన్‌హోల్ (ఫోకస్‌లో లేని వెలుగుని ఆపే చిన్న రంధ్రం) స్లైడర్ కింద కనిపించే చిన్న అంకెతో. 63 రెట్ల ఆయిల్ అబ్జెక్టివ్ (శాంపిల్ వైపు లెన్స్, మధ్యలో నూనె చుక్క), ఎన్.ఏ. (ఎంత వెడల్పు కోణంలో వెలుగు పట్టుకుంటుందో చెప్పే అంకె) 1.4, పిన్‌హోల్ 1 ఎయిరీ (ఒక చుక్క బొమ్మలో నడిమి వెలుగు బిళ్ల సైజు) పెడితే "ఆప్టికల్ సెక్షన్ 0.85 మైక్రాన్లు" అంటుంది, అంటే ఒకసారికి కనిపించే పొర మందం అంత. మూడేళ్లు దాన్ని థర్మామీటర్ రీడింగులా నమ్మాను. తీరా చూస్తే అది కొలిచింది కాదు. తరంగదైర్ఘ్యం, ఎన్.ఏ., ఆయిల్ వక్రీభవన గుణకం, పిన్‌హోల్ సైజు సూత్రంలో వేసి తీసిన లెక్క. ఒకరోజు స్లైడే పెట్టకుండా చూశాను. అప్పుడూ 0.85.

ఇదంతా ఈగల వల్ల బయటపడింది. ఫ్రూట్ ఫ్లై లార్వా రెక్క డిస్కుల్లో (తర్వాత రెక్కగా మారే కణజాలం) ఈ-కాడ్హెరిన్ అనే ప్రోటీన్‌కి ఆకుపచ్చ, డిస్క్స్ లార్జ్ అనే ఇంకో ప్రోటీన్‌కి ఎరుపు వేసి తీసిన బొమ్మ ల్యాబ్ మీటింగులో పెట్టాను. కణాల అంచులన్నీ పసుపు, అంటే రెండు రంగులూ ఒకేచోట. నేను మురిసిపోతుంటే మా మేడమ్ "అవి ఒకదాని కింద ఒకటి ఉండాల్సినవి కదా, ఎట్లా కలిశాయి?" అన్నారు. నిజమే. కణాలు ఒకదానికొకటి అతుక్కునే చోట్లలో ఈ-కాడ్హెరిన్ ఉండే ఎడ్హెరెన్స్ జంక్షన్ పైన, డిస్క్స్ లార్జ్ ఉండే సెప్టేట్ జంక్షన్ దాని కింద. 0.85 మైక్రాన్ల ముక్కే కోస్తుంటే అంత పసుపు రాకూడదు.

సరే, కొలుద్దామని 100 నానోమీటర్ల ఫ్లోరసెంట్ బీడ్స్ (లేజర్ పడితే వెలిగే చిన్న గుండ్లు) తెచ్చాను. 0.1 మైక్రాన్ మెట్టుతో జెడ్ స్టాక్ (లోతు వెంట వరుసగా తీసిన బొమ్మలు) తీసి, ఒక్కో బీడ్‌ని పక్కనుంచి చూసి, వెలుగు సగానికి పడిపోయే రెండు చోట్ల మధ్య దూరం కొలిచాను. 1.2 వచ్చింది. అంత చిన్న చుక్కకి ఇంకా తక్కువ రావాలి. పైగా ఆకారం నిండుగా లేదు, ఒకవైపు తోకచుక్కలా సాగిపోయింది. రెండు వారాలు కనబడ్డవాటినల్లా తిట్టాను. లెన్స్ తుడిచాను, ఆయిల్ సీసా మార్చాను, ఏసీ మీద ఫిర్యాదు రాశాను (మే నెల. 23 డిగ్రీల దగ్గర 1.518 అని సీసా మీద ఉన్న గుణకం వేడికి తగ్గుతుంది కదా!).

చివరికి మైక్రోస్కోప్ గది చూసుకునే అన్న డ్రాయర్‌లోంచి చిన్న అద్దం తీశాడు. మామూలు అద్దం కాదు, పూత పైవైపే ఉంటుంది. దానిమీద ఆయిల్ చుక్క, కవర్‌స్లిప్ (శాంపిల్ మీద కప్పే పలచటి గాజు), మళ్లీ ఆయిల్. పరావర్తనం మోడ్‌లో జెడ్ స్కాన్. ఐదు నిమిషాల్లో సన్నటి, రెండువైపులా సమానమైన శిఖరం వచ్చింది. 0.6. అంటే యంత్రంలో లోపం లేదు. ఫ్లోరసెన్స్ సంగతి అద్దం చెప్పలేదనుకోండి, కానీ ఆ రోజుకి అంత ఆనందం చాలు.

అప్పుడు అడిగాడు: "ఏమ్మా, బీడ్స్ దేనిమీద ఆరబెట్టావు?"

స్లైడ్ మీద. కవర్‌స్లిప్ మీద ఆరబెట్టాలట. నా బీడ్స్‌కీ కవర్‌స్లిప్‌కీ మధ్య శాంపిల్‌ని ముంచి ఉంచే గ్లిసరాల్ పొర ఉంది, దాని గుణకం ఆయిల్‌తో కలవదు. లోతుకి పోయేకొద్దీ అంచు కిరణాలు ఒకచోట, నడిమి కిరణాలు ఇంకోచోట చేరతాయి. ఆ తోక అదే. మళ్లీ సరిగ్గా చేస్తే 0.7 వచ్చింది. మేడమ్‌కి మెయిల్ కూడా కొట్టేశాను.

ఆ రాత్రి హాస్టల్‌లో వెలిగింది: నా డిస్కులు కవర్‌స్లిప్‌కి అంటుకుని లేవు. టేపు ముక్కల మధ్య, అదే గ్లిసరాల్‌లో, దాదాపు 20 మైక్రాన్ల కింద ఉన్నాయి. తప్పుగా చేశాననుకున్న 1.2 నా శాంపిల్‌కి సంబంధించినంతవరకు 0.7 కంటే నిజానికి దగ్గర.

జూనియర్లందరికీ "ఈ అబ్జెక్టివ్ కత్తిలా కోస్తుంది" అని చెప్పుకొచ్చాను. ఇప్పుడు ఆ మాటకి "గాజుకి ఆనుకున్న మొదటి కొన్ని మైక్రాన్లలో" అని చేరుస్తున్నాను. ఆ చిన్న అంకె కూడా పూర్తిగా దండగ కాదు. రెండు రంగులకీ 1 ఎయిరీ అని వదిలేస్తే ఎరుపు ముక్క మందంగా వస్తుంది. పిన్‌హోల్ సర్ది రెండింటి మందం సమానం చేయడానికి దాన్నే చూస్తాను. పిన్‌హోల్ 2కి తెరిస్తే అది 1.5 దగ్గరికి పోతుంది, అక్కడ మాత్రం మర్యాదగానే హెచ్చరిస్తుంది.

నేనిప్పుడు పక్క డిపార్ట్‌మెంట్‌లో గ్లిసరాల్ అబ్జెక్టివ్, ఎన్.ఏ. 1.3, కరెక్షన్ కాలర్ (ఇలాంటి గుణకం తేడాని సర్దే రింగు) ఉన్నది వాడుతున్నాను. లెక్కలో ఆయిల్ కంటే మందమే కోస్తుంది, కానీ నా 20 మైక్రాన్ల లోతులో ఇప్పటిదాకా పట్టు వదల్లేదు, పసుపు చాలావరకు విడిపోయింది. వారానికి ఒకే స్లాట్ దొరుకుతుంది, అదీ గురువారం సాయంత్రం. కవర్‌స్లిప్ మీదే కణాలు పెంచేవాళ్లకి ఈ తిప్పలు అక్కర్లేదు, మా ఆయిల్ లెన్సే హాయి. మందపాటి కణజాలం వాళ్లు మాత్రం బీడ్స్‌ని మీ శాంపిల్ ఉండే లోతులోనే పెట్టి ఒకసారి కొలవండి. అద్దం రెండో డ్రాయర్‌లో ఉంది. పూత పైవైపు ఉంటుంది, వేలు పెట్టకండి.