రొట్టెల పండగలో నా చిన్న లెన్స్
పెళ్లిళ్లలో అసిస్టెంటుగా లైట్లు మోసి దాచుకున్న డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్. బరువు 160 గ్రాములే. మా అమ్మ చేతిలోకి తీసుకుని "ఇదేందిరా, ఉగ్గుగిన్నె మాదిరి ఉంది, దీనికా అంత డబ్బు?" అంది.

జూమ్ లేదు. చిన్న సెన్సర్ ఉండే నా ఏపీఎస్-సీ కెమెరా మీద 80 ఎంఎంలా పనిచేస్తుంది, అంటే ఫ్రేములో ఇంకా తక్కువ చోటే పడుతుంది. దగ్గరగా కావాలంటే మనమే నడవాలి, అంతా పట్టాలంటే వెనక్కి జరగాలి. రొట్టెల పండగనాడు నెల్లూరు స్వర్ణాల చెరువులో వెనక్కి జరిగే చోటెక్కడిది? నీళ్లలో భుజాలు రాసుకునే జనం. దర్గా, చెరువు, మనుషులు అన్నీ ఒకే ఫొటోలో పెట్టాలన్న ఆశ వదిలేసి చేతులు మాత్రమే తీశా. పిల్లలు కావాలని సంతానం రొట్టె అందుకునే ఓ అక్క తడి చేయి, ఇచ్చే పెద్దామె ముడతల చేయి, మధ్యలో రొట్టె. లెన్స్ కన్ను బాగా తెరిచి ఎఫ్ 2.2లో పెడితే వెనకున్న జనమంతా రంగు మరకలైపోయారు. ఇప్పటిదాకా నేను తీసినవాటిలో నాకు అదే ఇష్టం.

వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ లేదు, చీకటి పడ్డాక చెయ్యి వణికితే బొమ్మా వణుకుతుంది. 35 సెంటీమీటర్ల కంటే దగ్గరైతే ఫోకస్ కాదు. మైపాడు బీచ్‌లో పీతల కోసం బోర్లా పడుకుని మరీ చూశా. ఫోకస్ రింగులో ఇసుక చేరి ఇప్పటికీ కరకరమంటోంది, తప్పు నాదేలెండి. పక్షుల్ని తీయడానికి నేలపట్టుకు మాత్రం దీన్ని తీసుకెళ్లకండి, గూడబాతు చుక్కంత పడుతుంది.

వచ్చే పండగకీ నా మెడలో ఇదే.