వైజాగ్‌కి ఏ నెలలో వెళ్లాలి, గది ఎక్కడ తీసుకోవాలి

వైజాగ్ ఎప్పుడు బాగుంటుందని ఎవరినడిగినా డిసెంబరనే చెబుతారు. నా మాట వేరు. ఊరు చూడాలంటే ఫిబ్రవరి, అరకు చూడాలంటే నవంబరు. డిసెంబరు ఆఖరి వారం, సంక్రాంతి సెలవులు మాత్రం రెండింటికీ వద్దంటాను. మా అక్కావాళ్లు మధురవాడలో ఉంటారు కాబట్టి ఏదో ఒక కాలంలో అక్కడికి వెళ్తూనే ఉంటాం. పెద్దలు, పిల్లలు అంతా కలిసి వెళ్లినప్పుడు బయట గదులు తీసుకుంటాం. ఎండ, ఉక్క, ముసురు, మంచు అన్నీ చూశాక నాకు అర్థమైంది ఒకటే: ఆ ఊళ్లో నెల ఎంత ముఖ్యమో, గాలి ఎటునుంచి వీస్తోందన్నదీ, మనం దిగిన గది ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం.

ఊరి నైసర్గిక స్వరూపం అలాంటిది. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం, నడుమ గిన్నెలాంటి పల్లం. వాతావరణ శాఖ రోజూ విశాఖకి రెండు ఉష్ణోగ్రతలు చెబుతుంది, ఒకటి వాల్తేరుది, ఇంకొకటి విమానాశ్రయానిది. వేసవిలో విమానాశ్రయం అంకె చాలా రోజులు ఎక్కువగా ఉంటుంది. సముద్రపు గాలి ముందుగా తాకేది వాల్తేరు మెట్టనే, లోపలికి పోయేకొద్దీ దాని చల్లదనం తగ్గిపోతుంది. అందుకే వేసవిలో వెళ్లేవాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువైనా పాండురంగాపురం, లాసన్స్ బే, బీచ్ రోడ్డు వైపే చూసుకోవాలి. స్టేషన్ దగ్గర, ఎన్ఏడీ కొత్తరోడ్డు వైపు గదులు చవకే, తెల్లవారుజామున రైలు ఎక్కాల్సినవాళ్లకి అనువే, కానీ మే నెలలో ఆ మిగిలిన డబ్బు చెమట కింద పోతుంది. చలికాలంలో లెక్క మళ్లీ మారుతుంది. రాత్రుళ్లు చల్లగాలి ఆ పల్లంలోనే నిలిచిపోయి పొగనీ, దుమ్మునీ పైకి పోనివ్వదు. ఆయాసం ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే పోర్టు, పరిశ్రమల వైపు వద్దు. రుషికొండ, భీమిలి దారిలో దిగండి.

వేసవి గురించి చాలామంది అంకెలు చూసి మోసపోతారు. మే నెలలో గరిష్ఠం సగటున 35 డిగ్రీల దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి, విజయవాడ వాళ్లకీ రామగుండం వాళ్లకీ అది చల్లటి ఊరిలా కనిపిస్తుంది. కానీ గాలిలో తేమ ఒంటిమీద చెమట ఆరనివ్వదు, రాత్రయినా ఉక్క తగ్గదు. ఇక పడమటి గాలి తిరిగిన రోజున సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు, ఎండ నలభై దాటినా దాటుతుంది. ఒకసారి జాలరిపేట దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా పిల్లల్ని చూసి, "పడమటి గాలండి బాబూ ఇయాల, పిల్లల్ని బయట తిప్పకండి, సాయంత్రం గాలి తిరిగాక రండి" అన్నాడు. ఆ పూట గదిలోనే ఉండిపోయాం. సాయంత్రం ఆయన చెప్పినట్టే గాలి తిరిగింది, బీచ్ రోడ్డు మీదకి ఊరంతా వచ్చింది, మురీ మిక్చర్ బండ్ల దగ్గర నిలబడే చోటు లేదు. వేసవిలో వెళ్తే రోజుని అలాగే విడగొట్టుకోవాలి: పొద్దున్నే సముద్రం, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం కురుసుర జలాంతర్గామి మ్యూజియం (సోమవారం సెలవు), తర్వాత మళ్లీ సముద్రం.

గదికి డబ్బు కట్టేముందు రెండు మాటలు అడగండి. కరెంటు పోతే ఏసీ నడుస్తుందా, లేక ఫ్యానేనా? గది గోడ పడమటి ఎండకి ఉందా? మేము ఒకసారి దిగిన లాడ్జిలో సముద్రం కనిపించే కిటికీ ఉంది, కానీ అది తెరుచుకునేది కాదు. పడమటి గోడ అర్ధరాత్రి దాకా సెగ చిమ్మింది, జనరేటర్ మీద ఫ్యాన్లే తిరిగాయి. వేసవికి సముద్రం కనిపించే గదికన్నా సముద్రపు గాలి ఆడే గది మేలు.

వేసవిలో చేపల భోజనం మీద ఆశతో వెళ్లేవాళ్లకి ఒక సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేట నిషేధం. వంజరం, చందువా ఆ రోజుల్లో తక్కువగా దొరుకుతాయి, ధర ఎక్కువ. దానికి బదులు సువర్ణరేఖ మామిడిపళ్లు, తాటి ముంజలు ఉంటాయి. అక్షయ తృతీయనాడు సింహాచలం చందనోత్సవానికి వెళ్లేవాళ్లు ఎండకే కాదు, హఠాత్తుగా వచ్చే గాలివానకీ సిద్ధపడాలి. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున అలాంటి వానలోనే క్యూలైను పక్కన గోడ కూలి ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. చిన్నపిల్లలతో ఆ ఒక్కరోజు కొండ ఎక్కొద్దని నేను గట్టిగానే చెబుతాను. స్వామి చందనరూపంలో మిగతా ఏడాదంతా దర్శనమిస్తాడు.

జూన్ మధ్యలో నైరుతి వస్తుంది. ఊళ్లో వాన పడ్డా ఉక్క పూర్తిగా పోదు, కొండలు మాత్రం కళ్ల ముందే పచ్చబడతాయి. ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకి జనం 32 కిలోమీటర్లు నడుస్తారు. వాన పడితే అదృష్టం, పడకపోతే ఆ ఉక్కలో నడక కష్టం. జలపాతాలు చూడాలంటే ఇదే కాలం. కటికి జలపాతానికి బొర్రా నుంచి జీపులో వెళ్లాలి. దారి గతుకులు, బేరం ముందే ఆడుకోవాలి, అయినా ఆగస్టులో ఆ నీటి హోరు విన్నవాడు ఖర్చు గురించి మాట్లాడడు. సముద్రంలోకి మాత్రం దిగొద్దు. ఆర్కే బీచ్‌లో లోతు హఠాత్తుగా వస్తుంది, అల వెనక్కి లాగే పట్టు బలంగా ఉంటుంది. ఈ నెలల్లో ఇసుక కూడా చాలాచోట్ల కోసుకుపోతుంది, మొన్న నడిచిన చోట ఈసారి నీళ్లుంటాయి.

అక్టోబరు గురించి బయటివాళ్లకి అంతగా తెలియదు. విశాఖలో ఏడాది మొత్తంలో ఎక్కువ వాన కురిసేది ఈ నెలలోనే, తుపాన్ల భయమూ ఈ నెలలోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, ఊరి చెట్లలో చాలావరకు నేలకూలాయి. అక్కావాళ్లు ఆ రోజు గురించి ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. అక్టోబరులో దసరా సెలవులకి వెళ్లాలనుకుంటే, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిచ్చే గదే తీసుకోండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే ప్రయాణం మానుకోవడంలో నామోషీ లేదు.

ఆ వానలు తగ్గిన నవంబరులో అరకు చూడాలి. కొండవాలుల్లో వలిసె పూలు పసుపు పరిచి ఉంటాయి, కాఫీ తోటల్లో కాయ ఎర్రబడుతుంది, చలి ఇంకా కొరకదు. వెళ్లేటప్పుడు కిరండూల్ రైలు ఎక్కండి. పొద్దున ఏడులోపే బయల్దేరుతుంది, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ మార్గంలో 58 సొరంగాలున్నాయి. అద్దాల పెట్టె విస్టాడోమ్‌కి టికెట్ దొరికితే మంచిదే, దొరకకపోయినా బాధపడొద్దు. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, సొరంగం దాటగానే ముఖానికి తాకే చల్లగాలి అద్దాల వెనక దొరకదు. తిరుగు ప్రయాణం అనంతగిరి ఘాట్ మీదుగా రోడ్డున రండి, గాలికొండ దగ్గర ఆగి కాఫీ తాగండి. అరకులో ఒక రాత్రి తప్పక ఉండాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ప్యాకేజీల్లో గిరిజన మ్యూజియం, బొర్రా, బొంగులో చికెన్ అన్నీ పరుగుమీద అయిపోతాయి, తెల్లవారుజాము మంచు మాత్రం కనబడదు. గదిలో వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో, రెండో దుప్పటి ఇస్తారో లేదో ముందే కనుక్కోండి.

నర్సీపట్నం పైన కొండల్లో ఉన్న లంబసింగి అనే పల్లెకి డిసెంబరు, జనవరి నెలల్లోనే వెళ్లాలి. సున్నా డిగ్రీలు చూస్తామన్న ఆశతో వెళ్లొద్దు, అలాంటి రోజులు అరుదు. పొద్దెక్కకముందు లోయ నిండా నిలిచే మంచుకోసం వెళ్లండి, అది చాలు. అక్కడి గుడారాలు వారాంతంలో పెట్టే ధరకి తగవు, లోపల పరుపులు మంచుకి తడిసి ఉంటాయి. నర్సీపట్నంలో పడుకుని చీకట్లోనే కారులో పైకి వెళ్లడం మా ఇంటిల్లిపాదికీ నచ్చిన పద్ధతి.

ఫిబ్రవరికి ఊళ్లో రద్దీ తగ్గుతుంది, గదుల అద్దె కూడా దిగొస్తుంది. పొద్దున ఇరవై డిగ్రీల దగ్గర మొదలై మధ్యాహ్నం ముప్ఫై దగ్గర ఆగుతుంది. స్వెట్టర్ అక్కర్లేదు, గొడుగూ అక్కర్లేదు. మధ్యాహ్నం రెండింటికి కూడా కైలాసగిరి మీద నడవొచ్చు, భీమిలి దాకా తీరం వెంట కిటికీలు దించుకుని కారు నడపొచ్చు, దారిలో తొట్లకొండ బౌద్ధారామం దగ్గర తీరిగ్గా కూర్చోవచ్చు. శివరాత్రి ఈ నెలలో పడితే ఆ మర్నాడు సముద్ర స్నానాలకి బీచ్ కిక్కిరిసిపోతుంది, ఆ రెండు రోజులు తప్పించుకుని టికెట్లు తీసుకోండి.