కమ్యూనిటీ హాల్లో ఆడపిల్లల హెల్త్ క్లాసు: 5కి 4

మాది హైదరాబాద్‌లో బోరబండ వైపు. ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. మా అన్న కూతురు పదో తరగతి, నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. దాన్ని శనివారం క్లాసుకు పంపుతున్నా. నడిపేది ఒక స్వచ్ఛంద సంస్థ, మా ఆశా అక్క తోడుంటుంది. ఫీజు లేదు.

బోర్డు మీద రక్తహీనత, నెలసరి, తిండి గురించి మాత్రమే ఉంటుంది. పని ఇప్పిస్తామని, పెళ్లి చేస్తామని పిల్లల్ని తీసుకెళ్లి అమ్మేసేవాళ్ల నుంచి కాపాడటం కూడా వీళ్ల పనే. అది బోర్డు మీద రాయకపోవడమే తెలివి. రాస్తే "మా పిల్లకేమైందని పిలుస్తున్నారు?" అని తల్లులే గొడవకొస్తారు. రక్తపరీక్ష అంటే వెంటబెట్టుకుని మరీ వస్తారు.

వేలికి సూది గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తారు. 12 కన్నా తగ్గితే బస్తీ దవాఖానాకు చీటీ రాసిస్తారు. వారానికో నీలం ఐరన్ మాత్ర అక్కడే మింగిస్తారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, అన్నం తినిపించి పంపండి.

తర్వాత నర్సమ్మ ఒక్కో పిల్లతో విడిగా మాట్లాడుతుంది, మేము బయట కూర్చోవాలి. బడి ఎందుకు మానేశావ్, ఫోన్‌లో పరిచయమైనవాడు ఎక్కడికి రమ్మంటున్నాడు, ఇంట్లో పెళ్లి మాటలేమన్నా నడుస్తున్నాయా, అన్నీ అక్కడే బయటపడతాయి. మీ అమ్మకు చెప్పనంటుంది గానీ, ఎవరైనా పిల్లను పాడుచేశారని తెలిస్తే మాత్రం పోలీసులకు చెప్పక తప్పదని ముందే చెప్పేస్తుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలట. ఈ సూటిదనం నాకు నచ్చింది.

ఒక పిల్ల రెండు వారాలు రాకపోతే ఆశా అక్క ఇంటికే వస్తుంది. "ఊరికి పోయింది" అంటే వదలదు. ఏ ఊరు, ఎవరింటికి, ఒకసారి ఫోన్ కలపండి అంటూ గుమ్మంలోనే నిలబడుతుంది. పక్క గల్లీలో ఒకామెకు బిడ్డను ముంబైలో పార్లర్ పనికి పంపమని అడ్వాన్సు ఇచ్చారు. అక్క పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టింది, ప్రయాణం ఆగింది. 1991లో పాతబస్తీ పిల్లను ఒక ముసలి షేక్ పెళ్లి చేసుకుని తీసుకుపోతుంటే, విమానంలో ఆమె ఏడుపు చూసి ఎయిర్ హోస్టెస్ పట్టించింది. విమానం ఎక్కేదాకా ఎందుకు, గల్లీలోనే ఇట్లా ఆరా తీసేవాళ్లుంటే చాలు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, టైమింగు. మధ్యాహ్నం మూడింటికి పెడతారు. బడి మానేసి ఇళ్లల్లో పనికి పోయే పిల్లలు ఆ వేళకు అంట్ల దగ్గరుంటారు. బ్రోకర్ల కన్ను ముందు పడేది వాళ్ల మీదే. ఆదివారం సాయంత్రం పెట్టమని అడిగితే "పైవాళ్లకు చెప్తాం" అన్నారు, ఇప్పటికీ శనివారమే. ఇంకోటి, నర్సమ్మ మాట్లాడే మూలకు కనీసం ఒక పరదా అయినా లేదు. ప్లైవుడ్ అడ్డం దాటి మాటలు బయటికి వినిపిస్తున్నాయి. బట్ట వాళ్లు తెస్తే నేనే కుట్టిస్తా, కూలి అక్కర్లేదు.