ఐఈఈఈ మెంబర్‌షిప్, ఇండియా కౌన్సిల్: భీమవరం నుంచి ఏడేళ్ల అనుభవం (3.5/5)

ఐఈఈఈ అంటే ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల ప్రపంచ సంఘం. మా కాలేజీలో దాని స్టూడెంట్ బ్రాంచ్‌కి కౌన్సెలర్‌గా, అంటే విద్యార్థులకి దారి చూపే అధ్యాపకుడిగా ఏడేళ్లు చేశాను. ప్రతి ఏడాదీ సెకండియర్ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఇంత డబ్బు కట్టి చేరితే మనకేం ఒరుగుతుంది, అన్నీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో జరుగుతాయి కదా?" ఆ మాటలో నిజం ఉంది కాబట్టే ఈ రివ్యూ రాస్తున్నాను.

ముందు ఎవరి పని ఏంటో చెప్పాలి, ఎందుకంటే మొదట్లో నాకూ తెలీదు. మన బ్రాంచ్ ఒక సెక్షన్, అంటే ఆ ప్రాంతపు ఐఈఈఈ శాఖ కింద ఉంటుంది. ఆ సెక్షన్ రీజియన్ 10 కింద, అంటే జపాన్ నుంచి న్యూజిలాండ్ దాకా ఉన్న ఆసియా పసిఫిక్ మొత్తం. మన దేశంలోని సెక్షన్లన్నీ కలిసి నడుపుకునేది ఇండియా కౌన్సిల్, 1976 నుంచి ఉంది. హైదరాబాద్, కేరళ, గుజరాత్, ఖరగ్‌పూర్, ఇప్పటికీ పాత పేర్లతోనే ఉన్న మద్రాస్, బాంబే, ఇలా. కౌన్సిల్ వీటి మీద పెత్తనం చేసే ఆఫీసు కాదు, ఒక్కో సెక్షన్‌కి సొంత కమిటీ, సొంత కార్యక్రమాలు ఉంటాయి. ఒక సెక్షన్‌లో జరిగేది పక్క సెక్షన్‌కి తెలిసేలా, అందరూ కలిసి చేయాల్సిన పని కలిసి చేసేలా చూడటం కౌన్సిల్ పని. 2004 నుంచి నడుస్తున్న ఇండికాన్ అనే సాంకేతిక సదస్సు అలాంటిదే, ఒక్కో ఏడాది ఒక్కో ఊళ్లో పెడతారు.

మా పిల్లలకి ఇది ఎంత ఉపయోగపడిందో ఒక్క సంగతి చెబుతాను. మా దగ్గర్లోని కాళ్ల అనే ఊరి వైపు ఒక రొయ్యల చెరువులో నీళ్లలో ఆక్సిజన్ కొలిచి రైతు ఫోన్‌కి మెసేజ్ పంపే పరికరం పెట్టారు. రాత్రంతా పాచి, రొయ్యలు అన్నీ ఆక్సిజన్ వాడేస్తాయి, ఎండ లేక కొత్తది పుట్టదు, అందుకని తెల్లవారుజామున అడుగంటుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకి పోతే రైతుకి టెన్షనే, కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే ఇక చెప్పక్కర్లేదు. మూడు రోజులు రీడింగులు చక్కగా వచ్చాయి. నాలుగో రోజు ఉదయం ఒకటిన్నర చూపించింది, పిల్లలు బండేసుకుని పరుగెత్తారు, తీరా చూస్తే చెరువు బాగానే ఉంది. రైతు నీళ్లలో ఉండే కొలత కడ్డీని (ప్రోబ్) పైకి లాగి, దాని మూతి మీద జిగురులా పట్టిన పచ్చటి పాచిని తువ్వాలుతో తుడిచేసరికి అంకె మళ్లీ ఐదుకి వచ్చింది. మరి రోజూ ఎవరు తుడుస్తారు? అక్కడే ఆగిపోయాం.

ఆ ఏడాది అన్ని సెక్షన్ల విద్యార్థులు కలిసే ఆల్ ఇండియా కాంగ్రెస్‌కి మా ముగ్గురు వెళ్లారు. భోజనాల దగ్గర కేరళ సెక్షన్ అమ్మాయి ఒకామె, బ్యాక్‌వాటర్‌లో ఇదే తిప్పలు పడిందట, చిన్న మోటారుకి బ్రష్ కట్టి గంటకోసారి తుడిపించండి అని నాప్‌కిన్ మీద బొమ్మ గీసిచ్చింది. ఆ బ్రష్ పెట్టాక పరికరం నెలన్నర ఆగకుండా పనిచేసింది. మా సెక్షన్ ఒక్కటే ఉండి ఉంటే ఆ అమ్మాయి మాకు తగిలేది కాదు. మూడున్నరలో మూడు మార్కులు దీనికే.

మార్కులు కోసింది కబురు అందని చోట. ఒకసారి పవర్ సిస్టమ్ ప్రొటెక్షన్ (కరెంటు సరఫరాలో లోపాలొస్తే కాపాడే ఏర్పాట్లు) మీద మాట్లాడటానికి విదేశం నుంచి ఒక పెద్దాయన మన పక్కకే వచ్చారు, సభ్యుల డబ్బుతోనే వచ్చిన ప్రయాణం అది. ఇంకొక్క రోజు కలిపితే మా ఊరొచ్చి మాట్లాడేవారు. మాకు కబురు ఆయన తిరుగు విమానం ఎక్కాక తెలిసింది. ఎవరినీ తప్పుపట్టను, అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ జీతం లేకుండా ఈ పని చేసేవాళ్లే. కానీ వచ్చే వక్తల తేదీలు దేశమంతటికీ ఒకేచోట కనపడేలా పెట్టడం కౌన్సిల్ చేయగలదు, చేయాలి కూడా. రెండోది, మీటింగులు. కమిటీ మీటింగ్ అంటే మాకు నర్సాపురం రైలెక్కి రాత్రంతా ప్రయాణం, మర్నాడు సెలవు. ఏడాదికి ఒక్కసారైనా భీమవరంలోనో అమలాపురంలోనో పెట్టండి, ఇరవై మంది వచ్చినా పర్వాలేదు, చెరువు గట్టు మీదకి మేం తీసుకెళ్తాం.

చేరాలనుకునే పిల్లలకి ఒక మాట. సభ్యత్వం జనవరి నుంచి డిసెంబరు లెక్క. ఆగస్టు మధ్య దాటాక చేరితే మరుసటి ఏడాది డిసెంబరు దాకా వస్తుంది, ఒక్క ఏడాది డబ్బుకే. కాలేజీ తెరిచిన హడావిడిలో కట్టేయకండి, ఆగస్టు 16 దాకా ఆగండి.