సెమినోమా గడ్డ తీసేశాక: స్కాన్లతో కనిపెట్టుకుని ఉండటమా, ఒక్క డోసు కీమోనా?

మా బావమరిదికి వృషణంలో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. రిపోర్టులో సెమినోమా (వృషణంలో వచ్చే ఒక రకం క్యాన్సర్), స్టేజి 1 అని వచ్చింది. సీటీ స్కాన్‌లో చూస్తే ఎక్కడికీ పాకలేదు. ఇక మందేమీ లేకుండా స్కాన్లతో కనిపెట్టుకుని ఉండొచ్చు, లేదా కార్బోప్లాటిన్ అనే కీమో మందు ఒక్క డోసు వేయించుకోవచ్చు అన్నారట డాక్టరు గారు. అమలాపురంలో బస్సు దిగగానే ఫోన్ చేశాడు: "బావా, ఏది మేలు?"

ప్రాణం సంగతి చూస్తే రెండూ ఒకటే, ఎటు వెళ్లినా దాదాపు 99 శాతం మంది బతుకుతారు. తేడా అంతా తిరగబెట్టడంలో ఉంది. మందు లేకుండా ఉంటే నూటికి 15 నుంచి 20 మందికి మళ్లీ వస్తుంది, డోసు పడితే అది దాదాపు ఐదుగురికి తగ్గుతుంది. అంటే అందరికీ డోసు వేస్తే 80 మందికి పైగా అక్కర్లేని మందు ఎక్కించినట్టే. నాకు నచ్చనిది అదే.

పోనీ స్కాన్ల దారిలో చిక్కు లేదా? ఉంది. తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలో, కడుపు వెనకాల లింఫ్ గ్రంథుల్లో వస్తుంది. నొప్పి తెలియకపోవచ్చు. సెమినోమాలో రక్తపరీక్ష చాలాసార్లు నార్మల్‌గానే ఉంటుంది కాబట్టి ఊళ్లో ల్యాబు కాగితం చూసుకుని ధీమాగా ఉండకూడదు, స్కాన్ తప్పదు. ఆరు నెలలకోసారి అన్నారు కాబట్టి జూన్, డిసెంబరు పెట్టుకోమన్నాను. ఆగస్టులో పెట్టుకుంటే వాడి లంకకి కాజ్‌వే మునిగి, పడవ దాటి, ఆ తర్వాత కాకినాడ బస్సు పట్టుకోవాలి. వరద రోజుల్లో ఎవరు వెళ్తారు?

తిరగబెడితే మాత్రం మూడు మందులు కలిపి ఎక్కించే బీఈపీ కీమో మూడు విడతలు పడొచ్చు. దాన్లో సిస్‌ప్లాటిన్ వల్ల చెవుల్లో హోరు, అరికాళ్లలో తిమ్మిర్లు కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కార్బోప్లాటిన్ ఒక్క డోసు అంత గట్టిది కాదు, కొన్నాళ్లు వికారం, నీరసం. ఏ కీమో అయినా ముందు వీర్యం దాచిపెట్టుకోవాలి, పెళ్లి కావాల్సిన కుర్రాడు మరి. డోసు పడ్డాక కూడా స్కాన్లు మానకూడదు. రేడియేషన్ పాత పద్ధతి, ఏళ్ల తర్వాత వేరే క్యాన్సర్ వచ్చే అవకాశం పెంచుతుంది, అందుకే స్టేజి 1కి ఇప్పుడు పెద్దగా వాడరు. రెండో వృషణంలో కూడా నూటికి ఇద్దరికి వస్తుంది కాబట్టి నెలకోసారి స్నానమప్పుడు తడిమి చూసుకోవాలి.

వాడు రొయ్యల రైతు. రొయ్యలు మేత తిన్నాయో లేదో పూటపూటా చెక్ ట్రే ఎత్తి చూసే మనిషికి కనిపెట్టుకుని ఉండటం నేను నేర్పాలా? ఊళ్లోనే ఉంటే స్కాన్లే మేలన్నాను. కానీ రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల రోగంతో పోయాక కువైట్ వీసా తెచ్చుకున్నాడు. అక్కడ డ్యూటీ మానుకుని వేళకి స్కాన్‌కి వెళ్తాడన్న నమ్మకం నాకు లేదు. వెళ్లేదే నిజమైతే డోసు వేయించుకునే వెళ్లమన్నాను.

"ఆలోచించి చెప్తాను బావా" అన్నాడు. ఈలోగా మా అత్తయ్యగారు క్యాలెండర్లో జూన్ తీసి పసుపు బొట్టు పెట్టేశారు.