ఆర్చ్ మ్యాడ్‌నెస్ కోసం సెయింట్ లూయిస్ వెళ్ళేవాళ్ళకి నా అనుభవం

అమెరికాలో కొన్ని యూనివర్సిటీ టీమ్‌లు కలిసి ఆడే లీగ్ మిస్సౌరీ వ్యాలీ కాన్ఫరెన్స్ (వ్యాలీ అంటారు), దాని బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ 1991 నుంచి సెయింట్ లూయిస్‌లోనే జరుగుతోంది, అందరూ ఆర్చ్ మ్యాడ్‌నెస్ అంటారు. 2025 మార్చిలో మేం చికాగో వైపు నుంచి ఐ-55 పట్టుకుని వెళ్ళాం, 300 మైళ్ళు, దారంతా ఖాళీ పొలాలే, పిల్లలకి ఏదో ఒకటి పెట్టి కూర్చోబెట్టాల్సిందే.

ఉండటం మాత్రం డౌన్‌టౌన్‌లోనే చూసుకోండి. యూనియన్ స్టేషన్ పక్కన ఉంటే మ్యాచ్‌లు జరిగే ఎంటర్‌ప్రైజ్ సెంటర్‌కి నడిచి పోవచ్చు, ఫ్లైట్‌లో వచ్చేవాళ్ళకి ఎయిర్‌పోర్ట్ నుంచి మెట్రోలింక్ రైలు రెడ్ లైన్ ఉంది, సివిక్ సెంటర్ స్టేషన్‌లో దిగితే అరీనా అక్కడే. మేం దిగిన హోటల్ పేరు చెప్పను గానీ, రూమ్ శుభ్రంగా ఉన్నా పార్కింగ్‌కి రోజూ విడిగా వసూలు చేశారు, బుక్ చేసేటప్పుడు ఆ మాటే లేదు, కాబట్టి ముందే ఫోన్ చేసి అడగండి. వెజ్ వాళ్ళు ఇక్కడి ఫేమస్ వంటకం టోస్టెడ్ రావియోలీ కనపడగానే ఆర్డర్ చేసేయకండి, లోపల ఎక్కువగా మాంసమే ఉంటుంది. ఇమోస్ పిజ్జా నాకు నచ్చింది, అప్పడంలా పల్చటి క్రస్ట్, పళ్ళకి అతుక్కునే ప్రొవెల్ చీజ్, అందరికీ నచ్చుతుందని చెప్పలేను. ఊరికి గుర్తుగా నిలిచే 630 అడుగుల గేట్‌వే ఆర్చ్ పైకి వెళ్ళే ట్రామ్‌లో అయిదుగురికే చోటు, ఇరుకంటే భయం ఉన్నవాళ్ళు కిందే ఉండండి.

ఇక ఆట. ఫైనల్లో డ్రేక్ యూనివర్సిటీ టీమ్ బ్రాడ్లీని కొట్టింది, డ్రేక్‌కి వరసగా మూడో టైటిల్. డ్రేక్ స్టార్ బెన్నెట్ స్టర్ట్జ్ ఎంత తొందర లేకుండా ఆడతాడో ఎదురుగా చూడాలి, షాట్ క్లాక్ (బంతి వేయడానికి ఇచ్చే గడువు) అయిపోవస్తున్నా బంతి ఆడిస్తూనే ఉంటాడు, అవతలి వాళ్ళు ఓపిక పోయి ఒక అడుగు ముందుకేస్తే చాలు లోపలికి దూరిపోతాడు. తర్వాత దేశం మొత్తం కాలేజీ టీమ్‌ల టోర్నమెంట్ ఎన్‌సీఏఏలో డ్రేక్ వాళ్ళు 11వ సీడ్‌గా మిస్సౌరీ యూనివర్సిటీనే ఓడించారు. ఆ వెంటనే డ్రేక్ కోచ్ మెకాలమ్ అయోవా యూనివర్సిటీకి, ఆయన వెనకే స్టర్ట్జ్ కూడా! 2024లో ఇండియానా స్టేట్‌ది ఇంకా ఘోరం, అంత బాగా ఆడి ఫైనల్ ఓడితే ఎన్‌సీఏఏ పిలుపే రాలేదు, కోచ్ షెర్ట్జ్, స్టార్ ప్లేయర్ రాబీ అవీలా ఇద్దరూ ఇదే ఊళ్ళో ఉన్న సెయింట్ లూయిస్ యూనివర్సిటీకి వెళ్ళిపోయారు. టీమ్‌లూ అంతే, క్రైటన్, విచిటా స్టేట్, లొయోలా వ్యాలీ వదిలి ఎప్పుడో పోయాయి, 2025 జూలైలో మిస్సౌరీ స్టేట్ కూడా పోయి 11 టీమ్‌లు మిగిలాయి. ప్లేయర్లు ఒక కాలేజీ నుంచి ఇంకో దానికి మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఇలాగే ఉంటే, పెద్ద స్కూళ్ళ డబ్బు ముందు వ్యాలీ ఏ స్టార్‌నీ రెండో ఏడు పట్టుకోలేదు, నాకు నిజంగా బాధేస్తుంది.

కానీ దానివల్లే ఈ టోర్నమెంట్ విలువ పెరిగింది. గెలిచిన ఒక్క టీమ్‌కే దాదాపుగా ఎన్‌సీఏఏ చోటు, అందుకే గురువారం ఆడే అట్టడుగు టీమ్ కూడా ప్రాణం పెట్టి ఆడుతుంది. ఫేవరెట్ ప్లేయర్ని నమ్ముకుని టికెట్ కొనొద్దు, ఏడాదికేడాది టీమే మారిపోతుంది. బెల్మాంట్, ముర్రే స్టేట్, బ్రాడ్లీ, నార్తర్న్ అయోవా, ఎవరిదైనా రోజు కావచ్చు. అన్ని రోజులూ కుదరకపోతే శనివారం సెమీస్ చూడండి, ఒకే టికెట్ మీద రెండు మ్యాచ్‌లు.