ఆ 25 ఎక్స్ ఐపీస్ మీద నాకున్న కోపం

శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో చిన్న ల్యాబ్ నాది. అంబాలాలో తయారైన ఈ మైక్రోస్కోప్ కొని ఆరేళ్లు దాటింది. నా కోపమంతా దానితో పాటు ఇచ్చిన 25 ఎక్స్ ఐపీస్, అంటే 25 రెట్లు పెంచే, కన్ను పెట్టి చూసే పై లెన్స్ మీదే. పెట్టె మీద ‘2500 రెట్లు’ అని పెద్దగా వేశారు. లెక్క సరైనదే, స్లైడు దగ్గరుండే కింది లెన్స్, అంటే 100 ఎక్స్ ఆబ్జెక్టివ్‌ని 25తో గుణిస్తే అంతే వస్తుంది. కొత్తలో నేనూ అందరికీ గొప్పగా చెప్పాను.

రెండేళ్ల కిందట వానాకాలంలో సీతంపేట ఏజెన్సీ నుంచి ఒకామె జ్వరంతో ఉన్న కొడుకుని తెచ్చింది. “మలేరియానా కాదా సెప్పు బాబూ” అంటూ బల్ల దగ్గరే నిలబడింది. పిల్లాడి రక్తం స్లైడు మీద పల్చగా పూసిన స్మియర్ మీద ఆయిల్ చుక్క వేసి, 100 ఎక్స్ ఆబ్జెక్టివ్‌కి 25 ఎక్స్ ఐపీస్ పెట్టి చూశాను. ఒక ఎర్రకణం మీద మలేరియా క్రిమిలా ఊదా రంగు మచ్చ. పెద్దగానే ఉంది గానీ అంచు తెలియడం లేదు. ఫోకస్ ఎంత తిప్పినా మసకే, వెలుతురూ చాలడం లేదు. పాజిటివ్ రాద్దామని పెన్ను తీశాను. మనసొప్పక 10 ఎక్స్ ఐపీస్‌కి మార్చాను. మచ్చ చిన్నదైంది, కానీ తేటగా కనబడింది. చుట్టూ సన్నని తెల్లటి అంచు. అది కణం లోపలిది కాదు, పైన పడిన ప్లేట్‌లెట్, రక్తం గడ్డకట్టడానికి సాయపడే చిన్న కణం. స్లైడు జరుపుతూ వంద ఫీల్డులు, అంటే ఒక్కోసారి కనబడే గుండ్రటి భాగాలు, వెతికాకే నెగటివ్ రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వివరం పట్టేది ఆబ్జెక్టివే. నా 100 ఎక్స్ మీద 1.25 అని చెక్కి ఉంది. వెలుతురుని ఎంత వెడల్పుగా అందుకోగలదో చెప్పే అంకె అది, న్యూమరికల్ అపర్చర్ అంటారు. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు కిరణాలు వంగి పక్కకి పోతాయి. ఆయిల్ వక్రీభవన గుణకం, అంటే వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.515, గాజుకి దగ్గర. అందుకే చుక్క వేస్తే అవి లెన్స్‌లోకి చేరతాయి. అయినా దాదాపు 0.2 మైక్రాన్ల కన్నా దగ్గరున్న రెండు చుక్కలు విడిగా కనబడవు. ఐపీస్ ఆ బొమ్మనే సాగదీస్తుంది. మొత్తం రెట్లు న్యూమరికల్ అపర్చర్‌కి వెయ్యింతలు, అంటే 1250, దాటితే కొత్తగా కనబడేదేమీ లేదు.

ఐపీస్‌ని పారేయలేదు. 10 ఎక్స్ ఆబ్జెక్టివ్ అంకె 0.25, దానితో పెడితే 250 రెట్లు, సరిగ్గా హద్దులోనే. ఫైలేరియా స్లైడులకి అప్పుడప్పుడు వాడతాను. 100 ఎక్స్ ఆబ్జెక్టివ్, 10 ఎక్స్ ఐపీస్‌తో వచ్చే 1000 రెట్లు కూడా స్లైడు కింద వెలుతురుని కూడగట్టే కండెన్సర్ పైకెత్తి, వెలుతురు దారి అయిన డయాఫ్రం తెరిచి, పని అయ్యాక ఆయిల్ తుడిస్తేనే బాగుంటుంది. నాకు మలేరియా స్మియర్లు, మూత్రం స్లైడులే ఎక్కువ కాబట్టి ఈ మైక్రోస్కోప్ సరిపోయింది. ఏమైనా కొనేవాళ్లు రెట్ల కన్నా ముందు ఆబ్జెక్టివ్ మీది ఆ చిన్న అంకె చదవండి.